ఆ ఒక్క లైన్ తీసేయండి: గ్రూమింగ్ పాలసీ రాసేవాళ్ళకి ఒక బహిరంగ లేఖ

మా ఆఫీస్ హెచ్‌ఆర్ టీమ్‌కి, అలాగే ఆఫీసుల్లో, స్కూళ్ళలో ఎవరు ఎలా కనబడాలో రూల్స్ రాసే అందరికీ నమస్కారం.

సోమవారం మీరు పంపిన మెయిల్ చదివాను. గ్రూమింగ్ పాలసీ మారింది, అందరూ చదివి శుక్రవారం లోపు కింద ఉన్న 'చదివాను, అంగీకరిస్తున్నాను' అనే బటన్ నొక్కండి అని ఉంది. మొత్తం నాలుగు పేజీలు. ఐడీ కార్డు, షూస్, పెర్ఫ్యూమ్, జుట్టు, అన్నీ రాశారు, చాలావరకు నాకు ఏ పేచీ లేదు. మూడో పేజీలో మాత్రం రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. 'మహిళా ఉద్యోగులు లేత రంగు నెయిల్ పాలిష్ వేసుకోవచ్చు, ముదురు రంగులు, నెయిల్ ఆర్ట్ అనుమతించబడవు.' 'పురుష ఉద్యోగులు నెయిల్ పాలిష్ వాడరాదు.' ఈ రెండో లైన్ పాత పాలసీలో లేదు. అది ఎవరి కోసం వచ్చిందో నాకు తెలుసు, మీకూ తెలుసు, మా ఫ్లోర్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఈ ఫ్లోర్‌లో గోళ్ళకి రంగు వేసుకుని వచ్చే మగవాడిని నేనొక్కడినే.

పోయిన నెల నన్ను పిలిచి మాట్లాడినప్పుడు మీరు మర్యాదగానే మాట్లాడారు, అది ఒప్పుకుంటాను, మీ మీద కోపంతో ఇది రాయట్లేదు. కానీ ఆ రోజు నేను చెప్పాల్సింది చెప్పలేకపోయాను. "ఈ అలవాటు ఎప్పటినుంచి" అని మేడమ్ అడిగారు, నేను "ఒక రెండేళ్ళ నుంచి మేడమ్" అని మాత్రం అని ఊరుకున్నాను, ఇంటికెళ్ళాక చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అవన్నీ ఇప్పుడు రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ గోళ్ళు కొరికే అలవాటు. పరీక్షలంటే కొరకడం, ఫోన్ మోగితే కొరకడం, ఏమీ లేకపోయినా కొరకడం. గోరు చివర తెల్లటి అంచు ఉంటుంది కదా, అది నా వేళ్ళకి ఎప్పుడూ ఉండేది కాదు. గోరు అయిపోతే పక్కన చర్మం మీద పడేవాడిని, బొటనవేలి పక్కన పీకి పీకి రక్తం వచ్చేది, తర్వాత గోరుచుట్టు లేచి రాత్రంతా సలిపేది, పొద్దున్నే అదే వేలితో రోజంతా కీబోర్డ్ కొట్టాలి, గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏంటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు. చేతులు ఎప్పుడూ జేబులోనో టేబుల్ కిందో ఉండేవి. షేక్‌హ్యాండ్ ఇవ్వాలంటే భయం. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చిన రోజు కూడా రెండు చేతులూ ఫైల్ కింద పెట్టుకునే కూర్చున్నా, మీకు గుర్తుండకపోవచ్చు.

చేదు మందు వాడాను. డెనటోనియం అని ఉంటుంది, మనిషి నాలుకకి తెలిసిన అత్యంత చేదైన పదార్థాల్లో ఒకటి, దాన్ని రంగులేని పాలిష్‌లో కలిపి అమ్ముతారు, గోరు నోట్లో పెట్టగానే చేదుకి చెయ్యి తీసేస్తామని. నాకు నాలుగు రోజుల్లో ఆ చేదు అలవాటైపోయింది. వేళ్ళకి టేప్ చుట్టాను, టేప్ కూడా కొరికాను.

ఒక ఆదివారం మా అక్క తన గోళ్ళకి రంగు వేసుకుంటూ నా చెయ్యి చూసింది. "ఏంట్రా ఇవి, వేళ్ళేనా, ఇలా ఇవ్వు" అని లాక్కుంది. నేను వద్దన్నా, "కూర్చోరా, పది నిమిషాలు" అంది. మిగిలిన ఆ కాస్త గోరుని నెయిల్ ఫైల్‌తో ఒకే వైపు మెల్లగా రాసింది, నీళ్ళలాంటి బేస్ కోట్ వేసింది, అది ఆరాక ముదురు నీలం సీసా తీసింది. బ్రష్‌ని సీసా మూతికి ఒక పక్క తుడిచి, గోరు మధ్యలో ఆనించి, చర్మానికి వెంట్రుకవాసి దూరం దాకా వెనక్కి జరిపి అక్కడినుంచి చివరి దాకా ఒక గీత, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. మూడు గీతల్లో గోరు నిండిపోయింది. చివర్లో గోరు అంచుకి కూడా బ్రష్ తాకించింది, అలా చెయ్యకపోతే అక్కడినుంచే పెచ్చు లేస్తుందట. మందంగా ఒక కోటు వేస్తే బుడగలొస్తాయి, పలచగా రెండు వెయ్యాలి, మధ్యలో ఆగాలి, ఆ ఆగడమే కష్టం అని చెప్తూ పదివేళ్ళూ పూర్తి చేసింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయా. నా చేతిని ఎవరైనా అంత శ్రద్ధగా పట్టుకుని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

మర్నాడు ఏదో కాల్‌లో టెన్షన్ వచ్చి వేలు అలవాటుగా నోటి దాకా వెళ్ళింది, కళ్ళ ముందు నీలం కనబడింది, ఆగిపోయింది. పాడు చెయ్యబుద్ధి కాలేదు. చిన్నప్పటినుంచి తిట్లు, దెబ్బలు, చేదు మందు చెయ్యలేని పని ఆ రంగు చేసింది. నా వేలు నాకు అందంగా కనబడింది, అందంగా ఉన్నదాన్ని కొరకలేకపోయాను, ఇంతకంటే వేరే కారణం ఏమీ లేదు. చేతిగోరు నెలకి దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి చివరి దాకా పూర్తిగా కొత్త గోరు రావాలంటే సుమారు ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలలూ నేను రోజూ చూసుకున్నా. రెండో నెలలో ఒక్క చిటికెన వేలికి తెల్లటి అంచు వచ్చింది, ఆ రోజు అక్కకి ఫోటో పంపాను.

తర్వాత నేనే నేర్చుకున్నా. ఎడమ చేతికి వేసుకోవడం సులువు, కుడి చేతికి వేసేటప్పుడు ఎడమ చెయ్యి వణుకుతుంది, అందుకని బ్రష్‌ని కదపకుండా వేలినే తిప్పడం నేర్చుకున్నా, చర్మం మీద పడితే సన్నటి బ్రష్‌ని రిమూవర్‌లో ముంచి చుట్టూ తుడవడం నేర్చుకున్నా. టూత్‌పిక్ మొనతో చుక్కలు పెట్టడం, స్టాంపింగ్ ప్లేట్‌లో డిజైన్‌ని రబ్బరు స్టాంప్ మీదకి ఎత్తి గోరు మీద దించడం. మాగ్నెటిక్ పాలిష్ అని ఒకటుంది, అందులో ఇనుము కలిసిన రజను ఉంటుంది, తడిగా ఉన్నప్పుడే చిన్న అయస్కాంతం గోరుకి తాకీ తాకకుండా పట్టుకుంటే ఆ రజనంతా కదిలి ఒక గీతగా సర్దుకుంటుంది, పిల్లి కంట్లో మెరుపులా ఉంటుంది, చెయ్యి తిప్పితే ఆ గీత కూడా గోరు మీద జరుగుతున్నట్టు కనబడుతుంది. మొదటిసారి అది కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పడం కష్టం. చదరపు సెంటీమీటర్ కూడా లేని చోటు అది, అందులో ఏం పెట్టాలో పూర్తిగా నా ఇష్టం.

మా నాన్న చనిపోయిన నెలలో నేను గోళ్ళకి ఏమీ వెయ్యలేదు. తర్వాత మొదట వేసింది బూడిద రంగు, చిటికెన వేళ్ళకి మాత్రం ముదురు ఆకుపచ్చ, ఆయన స్కూటర్ ఆ రంగులో ఉండేది. ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ మీటింగుల్లో టేబుల్ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆయన నా పక్కనున్నట్టు ఉండేది. మీరు రాసిన ఆ లైన్ దీన్ని కూడా వాడరాదు అంటోంది. అందుకే ఇది మీకు చెప్తున్నా.

ఇప్పుడు 'ప్రొఫెషనల్' అనే మాట గురించి. ఆ రోజు మీటింగ్‌లో అది చాలాసార్లు వచ్చింది. క్లయింట్ ఎవరైనా కంప్లైంట్ చేశారా అని అడిగాను, లేదన్నారు. నా పనిలో తేడా ఏమైనా వచ్చిందా అన్నాను, లేదు, పని బాగుంది అన్నారు. మరి ఏంటి అంటే, రేపు ఎవరైనా ఏమైనా అనొచ్చు, ప్రొఫెషనల్‌గా ఉండదు అన్నారు. నాకు తెలిసినంతలో ప్రొఫెషనల్ అంటే తన పని బాగా తెలిసినవాడు. అలా చూస్తే గోళ్ళకి, మగవాళ్ళకి, పనికి మధ్య చాలా సంబంధం ఉంది. క్లాసికల్ గిటార్ వాయించే మగవాళ్ళని చూడండి, కుడి చేతి గోళ్ళు పెంచుకుంటారు, వాటికి షేప్ చెయ్యడానికి రకరకాల ఫైల్స్ దగ్గర పెట్టుకుంటారు, గోరు విరిగితే సెలూన్‌లో వేసే అక్రిలిక్ గోళ్ళు పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే తీగ మీద నుంచి వచ్చే శబ్దం ఆ గోరు అంచుని బట్టి ఉంటుంది. బేస్‌బాల్‌లో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు, రెండు కాళ్ళ మధ్య చెయ్యి పెట్టి వేళ్ళతో పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, సైగలు చేస్తాడు, దూరం నుంచి, లైట్ల వెలుగులో ఆ వేళ్ళు కనబడాలని చాలామంది క్యాచర్లు గోళ్ళకి మెరిసే రంగులు వేసుకుని ఆడారు. అంత మొరటు ఆటలో, మొహానికి ఇనుప మాస్క్, మోకాళ్ళకి ప్యాడ్లు, గోళ్ళకి పసుపు పాలిష్. ఎవరూ వాళ్ళని ఇంటికి పంపలేదు.

గోళ్ళ మీద ధ్యాస ఉంటే పని మీద ధ్యాస ఉండదు అని కూడా ఒక మాట వచ్చింది. అమెరికా రన్నర్ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ పొడుగాటి గోళ్ళకి రంగులు, డిజైన్లు వేసుకుని పరిగెత్తేది. 1988లో 100 మీటర్లు 10.49 సెకన్లలో, 200 మీటర్లు 21.34 సెకన్లలో పరిగెత్తింది. ఆడవాళ్ళలో ఆ రెండు రికార్డులూ ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు.

మనకంటే ఎంతో కఠినంగా యూనిఫామ్ చూసే చోట్ల కూడా రూల్స్ మారాయి. అమెరికా ఆర్మీ 2021లో మగ సైనికులు రంగులేని పాలిష్ వేసుకోవచ్చని తన గ్రూమింగ్ రూల్స్‌లో రాసింది. 2022 నవంబర్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన మగ పైలట్లకి, క్యాబిన్ క్రూకి నెయిల్ పాలిష్, మస్కారా, చెవిపోగులు అన్నిటికీ పర్మిషన్ ఇచ్చింది. విమానం నడిపేవాడికి అడ్డురానిది స్ప్రెడ్‌షీట్ నింపే నాకు ఎలా అడ్డొస్తుందో నాకు నిజంగా అర్థం కాలేదు.

"ఇదంతా ఈమధ్య వచ్చిన ట్రెండ్, రెండేళ్ళలో పోతుంది, దానికోసం ఎందుకు గొడవ" అని మీలో ఒక సార్ అన్నారు. సార్, ఇది ఈమధ్య వచ్చింది కాదు. ఈజిప్టులో సక్కారా అనే చోట 1964లో ఒక సమాధి బయటపడింది, ఐదో రాజవంశం నాటిది, అంటే దాదాపు 4,400 ఏళ్ళ కిందటిది. అందులో ఉన్నది నియాంఖ్‌ఖ్నుమ్, ఖ్నుమ్‌హోటెప్ అనే ఇద్దరు మగవాళ్ళు. గోడల మీద వాళ్ళ హోదా చెక్కి ఉంది, రాజు గారి ప్యాలెస్‌లో గోళ్ళ సంరక్షణ చేసేవాళ్ళ మీద పర్యవేక్షకులు అని. అంటే ఒక రాజు గోళ్ళు చేయించుకునేవాడు, ఆ పనికి మగవాళ్ళు ఉండేవాళ్ళు, ఆ ఉద్యోగం ఎంత గౌరవమైనదంటే వాళ్ళకి అంత పెద్ద సమాధి కట్టి హోదాని రాతిలో చెక్కారు. ఒకప్పుడు చైనాలో చదువుకున్న పెద్దమనుషులు, అధికారులు పొడుగాటి గోళ్ళు పెంచేవాళ్ళు, మేము చేతులతో కష్టం చెయ్యం అని చూపించుకోవడానికి. అది నాకు నచ్చే కారణం కాదు, కానీ గోరు మగవాడి దర్జాకి గుర్తుగా బతికిన కాలం ఒకటుందని చెప్పడానికి పనికొస్తుంది.

సీసాలో ఉన్న పాలిష్ సంగతే తీసుకోండి. దాంట్లో పొరలా గట్టిపడేది నైట్రోసెల్యులోజ్, దాన్ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగిస్తారు, ద్రావకం ఆవిరైపోతే పొర మిగులుతుంది, మూత తియ్యగానే వచ్చే ఆ ఘాటు వాసన వాటిదే. 1920ల్లో కార్లకి వేసిన లాకర్ (lacquer) అనే మెరిసే పెయింట్‌లో ఉన్నది కూడా ఇదే నైట్రోసెల్యులోజ్. అంతకుముందు కారుకి రంగు వేసి ఆరబెట్టాలంటే రోజులకి రోజులు పట్టేది, ఈ లాకర్ వచ్చాక గంటల్లోకి వచ్చింది. ఆ రోజుల్లోనే గోళ్ళ రంగులు కూడా ఇప్పుడు మనం చూసే రూపానికి వచ్చాయి. 1932లో రెవ్లాన్ అనే కాస్మెటిక్స్ కంపెనీని మొదలుపెట్టింది చార్లెస్, జోసెఫ్ రెవ్‌సన్ అనే అన్నదమ్ములు, చార్లెస్ లాక్‌మన్ అనే కెమిస్ట్, ముగ్గురూ మగవాళ్ళే, మొదటి ప్రొడక్ట్ నెయిల్ పాలిష్. ఒకే పదార్థం కారు బానెట్ మీద ఉంటే మగతనం, వేలి గోరు మీద ఉంటే ఆడతనం ఎలా అయింది? ఆ పదార్థంలో అయితే ఆడా మగా ఏమీ లేదు.

పేరున్న సింగర్లు వేసుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఫ్రెడ్డీ మెర్క్యురీ 1970ల్లో నల్ల పాలిష్‌తో స్టేజ్ ఎక్కాడు, కర్ట్ కోబేన్ గోళ్ళకి రంగు వేసుకుని గిటార్ వాయించాడు, హ్యారీ స్టైల్స్ 2021లో సొంతంగా నెయిల్ పాలిష్‌లతో బ్రాండే మొదలుపెట్టాడు, స్టైల్ అన్నారు. అదే మామూలు మనిషి, ఉద్యోగానికి వెళ్ళేవాడు, స్కూల్‌కి వెళ్ళే పిల్లవాడు వేసుకుంటే క్రమశిక్షణ గుర్తొస్తుంది. 2011లో జె.క్రూ అనే బట్టల కంపెనీ పంపిన ఒక ఫోటోలో ఒక తల్లి తన చిన్న కొడుకు కాలి గోళ్ళకి గులాబీ రంగు వేసి ఇద్దరూ నవ్వుతూ ఉన్నారు, అంతే, దాని మీద అమెరికా టీవీల్లో పెద్ద రచ్చ, పిల్లాడి మనసు పాడైపోతుందని. 2020 చివర్లో టెక్సాస్‌లో ఒక హైస్కూల్ అబ్బాయి గోళ్ళకి రంగు వేసుకుని వచ్చాడని క్లాసులోకి రానివ్వకుండా సస్పెండ్ చేశారు, ఆడపిల్లలు మాత్రం వేసుకోవచ్చని అక్కడ రూల్. ఆ అబ్బాయి పిటిషన్ పెడితే లక్షల మంది సంతకాలు చేశారు, తర్వాత ఆ ఆడా మగా తేడాని అక్కడి అధికారులు తీసేశారు. వాళ్ళు తీసేసిన లైన్‌నే మీరు ఇప్పుడు కొత్తగా చేర్చారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటే ఇదే అనిపించింది నాకు.

ఇక అసలు మాట. మీ నోటి వెంట రాలేదు కానీ క్యాంటీన్‌లో వినబడింది. 'ఆడంగి వేషాలు' అని. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు చల్లబడింది, ఆ రోజు ఇంటికెళ్ళి రిమూవర్ తీశాను కూడా, దూదికి పోసి బొటనవేలు మీద పెట్టాను, పెట్టాక ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాటలో తిట్టు ఎక్కడుందో అప్పుడు చూశాను. ఆడవాళ్ళలా ఉండటం తక్కువ అనుకుంటేనే అది తిట్టు అవుతుంది. నాకు రంగు వెయ్యడం నేర్పింది మా అక్క. నన్ను ఈ ఉద్యోగంలో నిలబెట్టింది మా పాత టీమ్ లీడ్ మేడమ్. వాళ్ళలా ఉన్నావు అంటే నేను ఎందుకు సిగ్గుపడాలి? ఆ క్యాంటీన్‌లో ఆ మాట అన్న టేబుల్ దగ్గరే ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళకి ఎలా అనిపించి ఉంటుందో ఎవరైనా ఆలోచించారా? మగవాళ్ళకి పాలిష్ వద్దు అని పాలసీలో రాసినప్పుడు ఆ క్యాంటీన్ మాటకే మీరు స్టాంపు వేసినట్టయింది. మీరు అలా అనుకుని రాయలేదని నాకు తెలుసు, కానీ చదివేవాళ్ళకి అలాగే చేరింది, మర్నాడు ఒకాయన నా చేతుల వైపు చూసి "ఇంకేం బ్రో, రూల్ వచ్చేసిందిగా" అన్నాడు.

ఇంకొకటి చెప్తాను, మనిషి ఎవరో చెప్పను. మీ మెయిల్ వచ్చిన రోజు సాయంత్రం వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఒక అన్న నా దగ్గరికి వచ్చారు, వయసులో నాకంటే చాలా పెద్ద, నెమ్మదైన మనిషి, నాతో ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడింది లేదు. పార్కింగ్‌లో అటూ ఇటూ చూసి, "తమ్ముడూ, నేను కూడా వేసుకుంటా, కాళ్ళకి" అన్నారు. ఎరుపు అట. ఎన్నో ఏళ్ళ నుంచి. పొద్దున్నే సాక్స్ వేసుకునే ముందు ఒకసారి చూసుకుని రోజు మొదలుపెడతారట, ఇంట్లో వదినగారికి తప్ప ఎవరికీ తెలియదు. "నీ చేతులు చూసి నేను కూడా వేళ్ళకి వేసుకుందామా అనుకుంటున్నా, ఇంతలో ఈ మెయిల్" అని, "పోన్లే, కాళ్ళున్నాయిగా" అని వెళ్ళిపోయారు. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయా. కాలిగోరు నెలకి మిల్లీమీటరున్నర మాత్రమే పెరుగుతుంది, అందుకే కాలి రంగు చాలా వారాలు ఉంటుంది. అన్ని వారాలూ ఆ రంగు షూ లోపలే ఉండిపోతోంది. మన ఆఫీసులో ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

గోళ్ళ మీద అసలు రూల్సే ఉండకూడదు అని నేను అనట్లేదు. ఉండాల్సిన చోట ఉండాలి, దానికి కారణం చెప్పగలగాలి. పేషెంట్లని నేరుగా ముట్టుకునే వైద్య సిబ్బంది ఆర్టిఫిషియల్ గోళ్ళు పెట్టుకోకూడదని, సొంత గోళ్ళు కూడా అర సెంటీమీటర్ లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత గైడ్‌లైన్స్‌లో ఉంది, ఎందుకంటే గోరు కింద క్రిములు చేరతాయి, చెయ్యి కడిగినా పూర్తిగా పోవు. అది చదివితే నాకు కోపం రాదు. అందులో ఆడా మగా అని లేదు, పని ఉంది, కారణం ఉంది. తిరిగే మెషీన్ల దగ్గర పొడుగు గోళ్ళు వద్దంటే ఒప్పుకుంటాను. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టేటప్పుడు ముదురు పాలిష్ ఉంటే రీడింగ్ తేడా రావచ్చు, తీసెయ్యమంటే తీసేస్తా.

ఉద్యోగుల గోళ్ళ గురించి నిజంగా శ్రద్ధ ఉంటే చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. జెల్ పాలిష్ అంటే లాంప్ వెలుగులో గట్టిపడేది, దాన్ని ఇంట్లో చౌక లాంప్ పెట్టి సగం సగం గట్టిపరిస్తే, అది చర్మానికి తగులుతూ ఉంటే, అందులో ఉండే హెమా అనే పదార్థానికి అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, పళ్ళకి వేసే ఫిల్లింగ్‌లో కూడా ఆ జాతి పదార్థాలే ఉంటాయి కాబట్టి అక్కడా ఇబ్బంది. యూరోపియన్ యూనియన్‌లో టీపీవో అనే ఇంకో పదార్థాన్ని, జెల్ గట్టిపడటానికి కలిపేదాన్ని, 2025 సెప్టెంబర్ 1 నుంచి జెల్ పాలిష్‌లతో సహా అన్ని కాస్మెటిక్స్‌లోనూ నిషేధించారు. ఇలాంటివి ఒక మెయిల్‌లో పెడితే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పనికొస్తాయి.

ఇక ఆడవాళ్ళ లైన్. అది నా గురించి కాదు కాబట్టి నేను మాట్లాడకూడదేమో అనుకున్నా, కానీ పక్క సీట్లో అక్కని అడిగితే "రాయి, మా గురించి కూడా రాయి" అంది. ముదురు రంగులు వద్దు, నెయిల్ ఆర్ట్ వద్దు అంటే వాళ్ళకి ఇచ్చింది కూడా అనుమతి కాదు, కొలత. మరీ కనబడకూడదు, అలాగని ఏమీ వేసుకోకుండా వస్తే "ఏంటి ఈరోజు ఇలా వచ్చావ్, ఒంట్లో బాలేదా" అని అడుగుతారు. పాలిష్ అంటేనే చిరాకు ఉన్న ఆడవాళ్ళు కూడా మన దగ్గర ఉన్నారు, వాళ్ళకి వేసుకోకపోయినా పర్లేదు అని ఎక్కడా రాయలేదు. ఆడా మగా అనే రెండు డబ్బాల్లో దేంట్లోనూ తమని చూసుకోలేనివాళ్ళు మూడో పేజీలో ఏ లైన్ చదువుకోవాలి? ఇన్ని చిక్కులు ఒక్క దెబ్బతో పోతాయి, ఎవరికి అనే మాట తీసేస్తే.

నేను అడిగేది ఇదీ. మగవాళ్ళు వాడరాదు అనే లైన్ తీసెయ్యండి. ఆడవాళ్ళకి రంగు లెక్కలు తీసెయ్యండి. వాటి బదులు 'గోళ్ళు శుభ్రంగా ఉండాలి, పనికి, భద్రతకి అడ్డం రాకూడదు, రంగు, డిజైన్ ఉద్యోగి ఇష్టం' అని ఒక్క లైన్ పెట్టండి, పెచ్చులు ఊడిపోతున్న పాలిష్‌తో రాకూడదు అని కూడా కావాలంటే చేర్చండి, నేనే మొదట పాటిస్తా. క్లయింట్ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని మీకు భయం ఉంది కదా, అప్పుడు 'ఆయన పని చూడండి' అని చెప్పండి, ఆ మాట నిలబెట్టే బాధ్యత నాది. క్యాంటీన్‌లో అలాంటి మాటలు వినబడితే మీరు ఒకసారి ఆగి అది తప్పు అని చెప్పండి, హెచ్‌ఆర్ నోటి నుంచి వస్తే దానికుండే బరువు వేరు.

ఆస్ట్రేలియాలో పాలిష్డ్ మ్యాన్ అని ఒక క్యాంపెయిన్ మొదలైంది, పిల్లల మీద జరిగే హింసకి వ్యతిరేకంగా మగవాళ్ళు ఒక్క వేలి గోరుకి రంగు వేసుకుంటారు. ఎందుకు ఒక్క వేలు అంటే, చూసినవాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఇదేంటి అని, అప్పుడు చెప్పే అవకాశం వస్తుంది. నా పది వేళ్ళకీ ఈ రెండేళ్ళలో అలాగే జరిగింది. లిఫ్ట్‌లో, ప్రింటర్ దగ్గర, నాతో ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు "ఇది ఎలా వేశావ్" అని అడిగి మాట కలిపారు. ఒకమ్మాయి తన కొడుకు కూడా గోళ్ళు కొరుకుతాడని చెప్పి, ఏ రంగు తీసుకోవాలో రాయించుకుని వెళ్ళింది. వాడినే సీసా ఎంచుకోనివ్వండి అని చెప్పాను, నారింజ రంగు తీసుకున్నాడట.

ఇది టైప్ చేస్తుంటే కుడి బొటనవేలికి అంచు దగ్గర చిన్న పెచ్చు లేచి ఉంది, స్పేస్ బార్ కొట్టే వేలు కదా, ముందు అక్కడే పోతుంది. ఇదివరకైతే ఆ పెచ్చుని పళ్ళతో పీకేవాడిని, దాంతో పాటు గోరు కూడా పోయేది. ఈ రాత్రికి తుడిచి కొత్తగా వేసుకుంటా, నీలమే వేద్దామనుకుంటున్నా, మొదటి రోజు అక్క వేసిన నీలం. రేపు అలాగే వస్తాను, నా సీట్లోనే ఉంటాను, మాట్లాడాలంటే పిలవండి, ఈసారి చెప్పలేక ఊరుకోను.

ఆ బటన్ నేను ఇంకా నొక్కలేదు. ఆ నాలుగు పేజీల్లో ఆ రెండు లైన్లు తప్ప మిగతా అన్నిటికీ ఒప్పుకుంటున్నాను. అవి మార్చి మళ్ళీ పంపితే అదే నిమిషంలో నొక్కుతా.

మీ ఉద్యోగి,
రెండో ఫ్లోర్